బొమ్మ రైలు, కొలత రైలు

జగ్గయ్యపేట పక్కన ధనబోడు మీది బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ తవ్వించినప్పుడు దొరికిన పలకల్లో ఒకటి చక్రవర్తిది. మబ్బుల వైపు చెయ్యెత్తి నిలబడ్డ రాజు, పైనుంచి కురుస్తున్న నాణేలు, చుట్టూ ఆయన సప్తరత్నాలు. ఆ ఏడింటిలో ఏనుగు ఉంది, గుర్రం ఉంది. రెండూ రాజు పక్కన చిన్నవే. ఏనుగు ఎంత ఉంటుందో ఆ శిల్పికి తెలియక కాదు. అక్కడ రాజు ముఖ్యం, కాబట్టి రాజు పెద్దవాడయ్యాడు. రెండు వేల ఏళ్ల నాటి ఆ లెక్కే ఇవాళ్టికీ ప్రతి బొమ్మ రైలులోనూ నడుస్తోంది.

ఏటికొప్పాక ఊళ్లో చేసే లక్క రైలును చేతిలోకి తీసుకుని చూడండి. గుండ్రటి లావుపాటి ఇంజను, దాని మీద ఉండాల్సిన దానికన్నా బాగా పెద్ద పొగగొట్టం, వెనక రెండు మూడు పెట్టెలు, పెట్టెకు నాలుగే చక్రాలు. నిజం రైలుకు ఉండే వందలాది భాగాల్లోంచి పసివాడి కళ్లకు ఆనేవి నాలుగైదే ఏరుకుని, వాటిని పెంచి, మిగతావన్నీ వదిలేశాడు ఆ పనివాడు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, ఉలితో చెక్కి, తిరుగుతున్న కర్రకే రంగు లక్క కడ్డీని అదిమి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే నున్నగా మెరుస్తుంది. అంచు ఎక్కడా గుచ్చుకోదు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఇచ్చే వస్తువు కనుక రంగులు చెట్ల నుంచి, గింజల నుంచి తీస్తారు. బొమ్మ రైలు జవాబు చెప్పుకోవలసింది పిల్లవాడి చేతికి. ఆ పరీక్షలో అది నెగ్గింది.

స్కేలు మోడల్ జవాబు చెప్పుకోవలసింది టేపుకు. దానికి ముఖ్యమైనది, ముఖ్యం కానిది అనే తేడా లేదు. అసలు బండిని ఏ నిష్పత్తిలో కుదించారో, అదే నిష్పత్తిలో తలుపు గొళ్లెం దాకా, ఇరుసు దాకా, కాలు మోపే మెట్టు దాకా కుదించాలి. పొగగొట్టం బాగుంది కదా అని ఒక్క మిల్లీమీటరు పెంచడానికి లేదు.

ఈ రెండు దారులు ఒకేసారి పుట్టలేదు. మొదట బొమ్మలే. జర్మనీకి చెందిన మెర్క్లిన్ కంపెనీ 1891లో లైప్‌జిగ్ సంతలో పట్టాల వెడల్పులకు నంబర్లు పెట్టి రైలు సెట్లు చూపించింది. అమెరికాలో లయనెల్ 1900లో మొదలైంది. కొన్నేళ్లకు దాని బండ్లు మూడు పట్టాల మీద నడిచాయి, మధ్య పట్టా కరెంటుకు. నిజం రైలుకు అలాంటి మూడో పట్టా నడిమధ్య లేదు కదా అని పిల్లలెవరూ అడగలేదు. అడిగినవాళ్లు పెద్దయినవాళ్లు. వాళ్లే 1935లో అమెరికాలో జాతీయ సంఘం పెట్టుకుని చక్రానికి, పట్టాకు ప్రమాణాలు రాసుకున్నారు. అప్పటి నుంచి ఆ రెండు వర్గాల మధ్య వాదన ఆగలేదు. బొమ్మ రైళ్లవాళ్లది ఆట అని స్కేలువాళ్లు, స్కేలువాళ్లది చాదస్తం అని బొమ్మలవాళ్లు. మన దేశంలో స్కేలు మోడళ్ల కళను జనం చూడగలిగే ఒక చోటు పుణెలో భావూ జోషి చిన్న రైళ్ల మ్యూజియం. 1998 నుంచి నడుస్తోంది.

మన దగ్గర స్కేలు మోడల్ మొదలుపెట్టేవాడికి తొలి అడ్డంకి పట్టాల వెడల్పే. ప్రపంచమంతా ఎక్కువగా వాడేది హెచ్‌ఓ స్కేలు, 87కు ఒక వంతు. బజారులో దొరికే హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లు. దాన్ని 87తో హెచ్చిస్తే 1435 వస్తుంది. అది యూరప్, అమెరికా రైళ్ల గేజి. హైదరాబాద్ మెట్రోది కూడా అదే. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు, ఒక మనిషి ఎత్తు. దాన్ని 87తో భాగిస్తే 19.3 రావాలి. దాదాపు మూడు మిల్లీమీటర్లు తక్కువ పడింది. మూడు మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది. కానీ 87కు ఒక వంతు చేసిన మన బోగీని ఆ పట్టాల మీద నిలబెట్టి ఎదురుగా చూస్తే, వెడల్పాటి ఒంటి కింద చక్రాలు లోపలికి ముడుచుకుపోయి కనిపిస్తాయి. మన రైలుకు ఉన్న ఆ గంభీరమైన నిలకడ పోతుంది. బ్రిటిష్ అభిరుచికారులకూ ఇదే బాధ. వాళ్ల ఓఓ స్కేలు 76కు ఒక వంతు, పట్టాలు మాత్రం అవే 16.5. ఓర్చుకోలేనివాళ్లు 18.83 మిల్లీమీటర్ల పట్టాలు చేత్తో వేసుకోవడం మొదలుపెట్టారు.

నన్నడిగితే మనవాళ్లకు సరైన స్కేలు నూరుకు ఒకటి. అప్పుడు బ్రాడ్‌గేజి 16.76 మిల్లీమీటర్లు అవుతుంది. దొరికే 16.5 పట్టాకూ దానికీ తేడా పావు మిల్లీమీటరు. కంటికి ఆనదు. పైగా లెక్క సులువు: అసలు బండిలో మీటరు, ఇక్కడ సెంటీమీటరు. ఇళ్ల నమూనాలు చేసే ఆర్కిటెక్టులు వాడే మనుషులు, చెట్లు, కార్లు ఈ స్కేలులోనే దొరుకుతాయి. వ్యాగన్ చక్రం అసలుది మీటరు వ్యాసం, కాబట్టి నమూనాలో ఒక సెంటీమీటరు. హెచ్‌ఓ బోగీలకు అమ్మే చక్రాలు దాదాపు అంతే ఉంటాయి. దీనికి ఒక్కటే ఇబ్బంది: తయారైన బండి అంగట్లో దొరకదు. పైకప్పు నుంచి బఫర్ల దాకా చేత్తో చేసుకోవాలి. ఇబ్బంది అన్నాను గానీ, అసలు రుచి అక్కడే ఉంది.

చేత్తో చేయడం మన నందిగామ మెట్టకు కొత్త కాదు. నందిగామ నుంచి బెజవాడ వైపు జాతీయ రహదారి మీద వెళ్లి ఇబ్రహీంపట్నం దగ్గర పక్కకు మళ్లితే కొండపల్లి వస్తుంది. అక్కడి ఆర్యక్షత్రియుల ఇళ్లలో పని జరిగే వరుస గమనించండి. తెల్ల పొణికి కర్రను సన్నటి సెగ మీద వేడి చేసి చెమ్మ పోగొడతారు. ఏనుగు అయితే ఒళ్లు వేరు, చెవులు వేరు, అంబారీ వేరు. ఎడ్లబండి అయితే చక్రాలు వేరు, కాడి వేరు. అన్నీ విడివిడిగా చెక్కి అతికిస్తారు. అతుకుల్లో రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన మక్కు కూరుతారు. ఆరాక ఆకురాయితో రుద్ది, సుద్ద పూసి, ఆ తెల్లటి ఒంటి మీద రంగులు వేస్తారు. స్కేలు మోడల్ చేసేవాడి బల్ల మీద ఇదే వరుస. ప్లాస్టిక్ షీటు కోసి భాగాలు విడివిడిగా చేస్తాడు, అతికిస్తాడు, సందుల్లో పుట్టీ నింపుతాడు, ఎమరీ కాగితంతో రుద్దుతాడు, ప్రైమర్ కొడతాడు, రంగు వేస్తాడు. మక్కు ఉన్నచోట పుట్టీ, సుద్ద ఉన్నచోట ప్రైమర్. పొణికి మెత్తటి కర్ర కాబట్టి సన్నటి వివరం ఉలికి నిలవదు. కన్ను, నగ, చీర అంచు కుంచెతోనే రావాలి. ఏది చెక్కాలో, ఏది గీసి వదిలెయ్యాలో తేల్చుకోవడమే ఈ రెండు పనుల్లోనూ సగం నేర్పు.

తేడా ఎక్కడుందంటే, కొండపల్లి గీతకార్మికుడి బొమ్మలో తెలుస్తుంది. తాటిచెట్టు ఎక్కుతున్న మనిషి అందులో చెట్టుకు సరిజోడుగా కనిపిస్తాడు. నూరుకు ఒకటి స్కేలులో 15 మీటర్ల తాటిచెట్టు 15 సెంటీమీటర్లు, దాని మీది మనిషి ఒకటిన్నర సెంటీమీటరు పైచిలుకు. రైలింజను ఎత్తే నాలుగు సెంటీమీటర్లు దాటి కాస్త. చెట్టు ఇంజనుకు మూడింతలు పైన. అంత ఎత్తు చెట్టు పెట్టడానికి చెయ్యి రాదు, పొట్టి చేద్దామనిపిస్తుంది. పొట్టి చేస్తే బొమ్మ అయిపోతుంది. స్కేలు పట్టుకున్నవాడు ఈ మోహాన్ని అడుగడుగునా గెలవాలి.

ఇప్పుడు మన రైలు సంగతి. నందిగామ ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు. జగ్గయ్యపేటకు పట్టాలున్నాయి. కాజీపేట–బెజవాడ లైనులో మధిర పక్కన మోటుమర్రి దగ్గర చీలి, సున్నపురాయి, సిమెంటు కోసం వేసిన దారి అది. జగ్గయ్యపేట దాటి మేళ్లచెరువు మీదుగా విష్ణుపురం వైపు సాగింది. ప్రధాన లైను 1889లో నిజాం రైల్వే బెజవాడ దాకా తెచ్చినది. దాని మీదే కొండపల్లి, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి వెళ్లే బొగ్గు బండ్లు, ఆ తర్వాత గుంటుపల్లిలో వ్యాగన్లు మరమ్మతు చేసే రైల్వే వర్క్‌షాపు. ఇంత చిన్న జాగాలో గని, ఫ్యాక్టరీ, చీలిక స్టేషన్, కొండ, కార్ఖానా అన్నీ ఉన్నాయి. విదేశీ అభిరుచికారులు ఊహించుకుని అల్లుకునే దృశ్యం మనకు ఉన్నదున్నట్టుగా సిద్ధంగా ఉంది.

అయితే దాన్ని గదిలోకి ఎలా తెస్తారు? బొగ్గు మోసే బాక్స్‌ఎన్ వ్యాగన్ పొడవు 10.713 మీటర్లు. రేక్‌కు, అంటే నిండు గూడ్సు బండికి, 58 వ్యాగన్లు. నూరుకు ఒకటి చేసినా ఇంజను కాకుండానే ఆరు మీటర్ల పైన. మన బ్రాడ్‌గేజి మీద అనుమతించే అతి బిగువైన వంపు 10 డిగ్రీలు, అంటే 175 మీటర్ల వ్యాసార్ధం. స్కేలులో మీటరూ ముప్పావు. నిండుగా ఒక్క చుట్టు తిరగాలన్నా మూడున్నర మీటర్ల గది కావాలి. పెట్టెలో వచ్చే రైలు సెట్టు వంపు 18 అంగుళాలు, నిజానికి లెక్కిస్తే 46 మీటర్లు. ఏ గూడ్సూ అక్కడ తిరగలేదు. ఇక్కడే ఈ కళ అసలు కళ అవుతుంది. బండ్లను కుదించకూడదు, దారిని మాత్రం కుదించవచ్చు. పది వ్యాగన్లే పెట్టి, ముందు భాగం కొండ మలుపులో మాయమయ్యాకే చివరి గార్డు పెట్టె సిమెంటు గోదాము చాటు నుంచి బయటికి వచ్చేలా అమర్చుతారు. రెండు చివరలూ ఒకేసారి కనిపించవు గనుక చూసేవాడి మనసు మిగతా 48 వ్యాగన్లను తానే కలుపుకుంటుంది. బిగుతు వంపులు కొండ వెనక దాస్తారు. ఎదురుగా కనిపించేది మాత్రం నెమ్మదిగా ఒరిగే వంపు.

వేగం మరీ ముఖ్యం. చాలామంది ఇంత కష్టపడి చేసి చివర్లో దీన్ని పాడుచేస్తారు. గంటకు 60 కిలోమీటర్ల గూడ్సు ఈ స్కేలులో సెకనుకు 17 సెంటీమీటర్ల కన్నా తక్కువే కదలాలి. మూడు మీటర్ల బల్ల దాటడానికి 18 సెకన్లు పట్టాలి. పిల్లల రైలు సెకనుకు మీటరు పరుగెడితే అది గంటకు 360 కిలోమీటర్ల వేగం. పిల్లవాడికి ఆ పరుగే కావాలి, అది న్యాయం. పెద్దవాడి చేతిలో మాత్రం బరువున్న బండి బరువుగా కదలాలి, బరువుగా ఆగాలి.

రంగు వేయడం అయ్యాక మురికి వేయడం ఉంటుంది. కొత్తగా మెరిసే వ్యాగన్ ఈ లైను మీద అబద్ధం. సిమెంటు ఎత్తే చోట నిలబడ్డ బండి పైకప్పు అంచులకు, తలుపు పట్టీలకు బూడిదరంగు పొర పేరుకుంటుంది, వాన పడ్డ చోట చారలుగా జారుతుంది. సుద్దపొడి, బొగ్గుపొడి కలిపి పొడి కుంచెతో పైనుంచి కిందికి, వాన జారిన దిక్కులోనే లాగాలి. అడ్డంగా లాగితే మొత్తం చెడుతుంది. నేల కోసం రంగు కొనక్కర్లేదు. ఎక్కడి మన్ను అక్కడిదే, ఎర్రదో నల్లరేగడో, ఎండబెట్టి పలచటి గుడ్డలో జల్లించి జిగురు మీద చల్లితే చాలు. ఏ కంపెనీ డబ్బాలోనూ ఆ రంగు రాదు.

ఇంత శ్రమ దేనికి అంటే, రైల్వేలో వస్తువులు చెప్పకుండా మాయమవుతాయి. గేజి మార్పిడితో గుంటూరు–మాచర్ల లాంటి మీటర్‌గేజి దారులు పోయాయి. చేతి లీవర్లతో కదిలే సిగ్నళ్లు, ఆవిరి ఇంజన్లకు నీళ్లు పోసే గొట్టాలు పోయాయి. వాటి ఫొటోలు ఉంటాయి, కానీ ఫొటోలో వెనక వైపు కనిపించదు, కొలత ఉండదు. కొలిచి చేసిన నమూనా ఉంటే నాలుగు వైపులా తిప్పి చూడొచ్చు. ఆ పని బొమ్మ చేయలేదు. బొమ్మ చేసే పనిని స్కేలు మోడల్ కూడా చేయలేదు. రేపటి స్కేలు మోడల్ చేసేవాడిని నాలుగేళ్ల వయసులో పట్టుకునేది ఆ లక్క రైలే. సంక్రాంతి బొమ్మల కొలువులో దశావతారాల పక్కన, అంబారీ ఏనుగు పక్కన అది నిలబడితే ఎవరూ కొలత అడగరు, అడగకూడదు. నాకు నచ్చనిది ఈ రెండింటికీ మధ్యది: స్టిక్కర్లు అంటించి అచ్చు నిజం రైలే అని అమ్మే నాసి ప్లాస్టిక్. అందులో శిల్పి ఎంపిక లేదు, టేపు నిజాయితీ లేదు.

మీ ఇంట్లోనో పక్కింట్లోనో వర్క్‌షాపులో చేసి రిటైరైన పెద్దాయన ఉంటే, ఆయన దగ్గర కూర్చుని తలుపు ఎత్తెంత, మెట్టు వెడల్పెంత అని అడిగి రాసి పెట్టుకోండి. పట్టాల మీదికి మాత్రం వెళ్లకండి. ప్లాట్‌ఫారం మీద నుంచి తీసిన ఫొటో, ఆయన చెప్పిన కొలత చాలు. లేఅవుటు, కొండ, స్టేషన్ తర్వాత. ముందు ఒక్క బాక్స్‌ఎన్ వ్యాగన్ చేయండి. పొడవు 107 మిల్లీమీటర్లు.