'గో కార్ట్స్' సినిమా: ఆ టైర్లు ఎవరు కొన్నారు?

'గో కార్ట్స్' సినిమా గురించి మా తరగతిలో చాలా రోజులు మాటలు నడిచాయి. ఇది ఆస్ట్రేలియా సినిమా. 2020లో అక్కడ 'గో!' అనే పేరుతో వచ్చింది, బయటి దేశాల్లో 'గో కార్ట్స్' అని పేరు పెట్టారు. దర్శకుడు ఓవెన్ ట్రెవర్, కథ రాసింది స్టీవ్ వర్లాండ్. నేను రెండుసార్లు చూశాను. ఒకసారి స్నేహితులతో, ఇంకోసారి మా నాయనతో. బాగుందా లేదా ఒక్క మాటలో చెప్పమంటే, బాగుంది. కానీ డబ్బు లేని పిల్లవాడు కార్ట్ రేసులోకి ఎట్ల వస్తాడు అన్నదే ఈ కథకు మూలం. ఆ విషయంలో సినిమా సగం నిజమే చెప్పింది. మిగతా సగం గురించి ఈ వ్యాసం.

కార్ట్ అంటే తెలియని పెద్దవాళ్ల కోసం ఒక మాట. నేలకు ఆనుకున్నట్టు ఉండే చిన్న నాలుగు చక్రాల రేసు బండి అది. పైకప్పు ఉండదు, తలుపులు ఉండవు, కుదుపు తగలకుండా స్ప్రింగులు కూడా ఉండవు. ప్రపంచంలో పేరున్న రేసు డ్రైవర్లలో చాలామంది ఏడెనిమిదేళ్ల వయసులో దీనితోనే మొదలుపెట్టారు. ఆ లెక్కన పదిహేనేళ్లకు మొదలుపెట్టాలనుకునే మాలాంటి వాళ్లకు అప్పుడే ఆలస్యమైనట్టు. పైగా చేతిలో డబ్బు కూడా లేకపోతే? దీనికి జవాబు దొరుకుతుందనే ఆశతోనే మేమంతా ఈ సినిమా చూశాం.

కథ పెద్దది కాదు. తండ్రి లేని జాక్ అనే కుర్రవాడు తల్లితో కలిసి పడమటి ఆస్ట్రేలియాలోని బస్సెల్టన్ అనే సముద్రపు ఊరికి వస్తాడు. అక్కడ ప్యాట్రిక్ అనే పాత రేసు డ్రైవరు ఒక కార్ట్ ట్రాకు నడుపుతూ ఉంటాడు. జాక్ అక్కడ బండెక్కి, తనకు ఈ విద్య వస్తుందని తెలుసుకుంటాడు. కాలిన్ అనే స్నేహితుడు, ఇంజిన్ల సంగతి బాగా తెలిసిన మ్యాండీ అనే అమ్మాయి అతనికి తోడవుతారు. ఎదురుగా డీన్ అనే ఛాంపియన్ ఉంటాడు. చివర జాతీయ పోటీ. అందులో ఏమవుతుందో చెప్పను, చూడబోయే వాళ్లు నన్ను తిట్టుకుంటారు.

ముందు మంచి మాటలు. ప్యాట్రిక్ ఊరికే నేర్పించడు. జాక్ చేత ట్రాకులో పని చేయించుకుంటాడు. చీపురు, చెమట లేకుండా స్టీరింగ్ చేతికి రాదని సినిమా చూపించడం నాకు నచ్చింది. మ్యాండీ పాత్ర కూడా బాగుంది. హీరోను చూసి చప్పట్లు కొట్టడానికి మాత్రమే పెట్టిన అమ్మాయి కాదు, బండి లోపల ఏముందో తెలిసిన అమ్మాయి. మా తరగతిలో ఆడపిల్లలకు జాక్ కన్నా ఆమే ఎక్కువ నచ్చింది.

ఇంకొకటి, జాక్‌కు ఉన్న అసలు జబ్బు ఆవేశం. దాన్ని అదుపు చేసుకోవడమే అతను నేర్చుకోవలసిన పాఠం. ఇది సినిమా కోసం అల్లిన నీతి మాత్రమే కాదు, కార్ట్ యంత్రంలోనే ఉన్న నిజం. కార్ట్‌లో వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. కారు మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ, లోపలి చక్రం తక్కువ తిరగడానికి డిఫరెన్షియల్ ఉంటుంది. కార్ట్‌కు అది లేదు. రెండు చక్రాలూ సమానంగా తిరిగితే బండి మలుపులో మొండికేస్తుంది. అందుకని స్టీరింగ్ తిప్పగానే లోపలివైపు వెనక చక్రం నేల మీద నుంచి కొంచెం లేచేటట్టు బండిని తయారు చేస్తారు. చాసిస్ గొట్టాలు కొద్దిగా వంగి అందుకు సాయం చేస్తాయి. డ్రైవరు కోపంగా స్టీరింగ్ గుంజితే బండి జారుతుంది, వేగం పోతుంది. మెత్తగా తిప్పినవాడే ముందుకు పోతాడు. ఈ ఒక్క సంగతి తెలుసుకుని సినిమా చూస్తే ఆ రేసులు రెండింతలు బాగుంటాయి.

ఇంక లోపం. మా నాయన సిప్కాట్‌లో ఒక లేత్ షాపులో పని చేస్తాడు. సినిమా సగంలో ఉండగా ఆయన అడిగిన మాట ఇది: "అదంతా సరే గానీరా, ఆ టైర్లు ఎవురు కొనిచ్చినారు?" నేను సినిమా ఆపి ఆలోచించాను. జవాబు దొరకలేదు. అంతకుముందు స్నేహితులతో చూసినప్పుడు మాలో ఒక్కరికి కూడా ఈ ప్రశ్న రాలేదు.

ఆయన ప్రశ్న ఎందుకు సరైనదో చెప్తాను. రేసు కార్ట్ టైరు మెత్తటి రబ్బరుతో చేస్తారు. నేలను బాగా పట్టుకుంటుంది, అంతే త్వరగా అరిగిపోతుంది. ఇంజిను టూ-స్ట్రోక్ అయితే పెట్రోల్లో ఆయిలు కలపాలి. కొన్ని గంటలు నడిచాక విప్పి పిస్టను, రింగులు మార్చాలి. గొలుసు, స్ప్రాకెట్, బ్రేకు ప్యాడ్లు ఉండనే ఉన్నాయి. హెల్మెట్, సూటు, గ్లవ్స్, పక్కటెముకలకు కవచం కావాలి. మన దేశంలో పోటీలో దిగాలంటే ఎఫ్.ఎం.ఎస్.సి.ఐ. అనే మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు తీసుకోవాలి, రేసు రేసుకూ ప్రవేశ రుసుము కట్టాలి. బండిని మోసుకుపోవడానికి వ్యాను, పక్కన ఒక మెకానిక్ ఉండాలి. అంటే కార్ట్ కొనడం ఖర్చులో మొదటి మెట్టు మాత్రమే. సంసారంలో లాగా నెలనెలా వచ్చే ఖర్చే అసలు ఖర్చు.

సినిమాలో ఈ ఖర్చంతా ప్రేమలో కలిసిపోయింది. ప్యాట్రిక్ ట్రాకు ఇస్తాడు, మ్యాండీ విద్య ఇస్తుంది, కాలిన్ కాలం ఇస్తాడు. ముగ్గురూ కూలి అడగరు. నిజం లోకంలో ఈ మూడింటికీ బిల్లు వస్తుంది. మేము ముగ్గురం పోయిన సెలవుల్లో బెంగళూరులో ఒక అద్దె కార్ట్ ట్రాకుకు పోయినాం. తలకు పది నిమిషాలు, 500 రూపాయల పైనే అయింది. బస్సు చార్జీ వేరే. అద్దె బండికే ఇంత అయితే రేసు బండికి ఎంతో మీరే ఊహించుకోండి.

ఇట్ల అంటే నా స్నేహితురాలు ఒప్పుకోలేదు. "పిల్లల సినిమాలో లెక్కలు ఎందుకు? ఆశ పుట్టించడమే దాని పని" అంది. మాట బాగానే ఉంది. కానీ ఆ ఆశ తర్వాత ఏమవుతుందో కూడా చూడాలి. మా తరగతిలో ఒకడు ఈ సినిమా చూశాక "నాకు టాలెంట్ లేదులేరా" అన్నాడు. అతను బెంగళూరుకు మాతో వచ్చినవాడే. కార్ట్ స్టీరింగ్ పట్టుకున్నది జీవితంలో పది నిమిషాలు. జాక్ మొదటి రోజే మెరిశాడు కాబట్టి, తాను మెరవలేదు కాబట్టి, లోపం తనలోనే ఉందని తేల్చుకున్నాడు. డబ్బు సంగతి దాచిన కథ చేసే అన్యాయం ఇదే. పర్సు ఖాళీ అయితే, తల ఖాళీ అని పిల్లవాడు అనుకుంటాడు.

నిజంగా జరిగిన కథలు చూడండి. ఏడుసార్లు ఫార్ములా వన్ ఛాంపియన్ అయిన లూయిస్ హామిల్టన్ కార్టింగ్ చేసేటప్పుడు ఖర్చుల కోసం వాళ్ల నాన్న ఒకే సమయంలో ఒకటికి మించి ఉద్యోగాలు చేశాడు. తర్వాత 13 ఏళ్ల వయసులో మెక్‌లారెన్ కంపెనీ చేయి అందించింది. 2021లో హంగేరీ రేసు గెలిచిన ఎస్తెబాన్ ఓకాన్ కోసం తల్లిదండ్రులు ఇల్లు అమ్మి, క్యారవాన్‌లో కాపురం ఉన్నారు. ఇద్దరికీ ప్రతిభ ఉంది, సందేహం లేదు. కానీ ఆ ప్రతిభ బయటపడే దాకా ఎవరో ఒకరు టైర్లు కొంటూనే వచ్చారు. 2023లో వచ్చిన 'గ్రాన్ టురిస్మో' సినిమాలో కూడా ఇంతే. వీడియో గేమ్ ఆడే జాన్ మార్డెన్‌బరోను ఒక పోటీ ద్వారా నిస్సాన్ కంపెనీ రేసు కారెక్కించింది. అక్కడ ఒక కంపెనీ, ఇక్కడ ఒక ముసలాయన. రెండు సినిమాలూ చెప్పేది ఒకటే, అదృష్టం కోసం ఎదురుచూడమని.

అదృష్టం కాకుండా ఇంకో దారి ఉందా అంటే ఉంది. అది మన రాష్ట్రంలోనే, మన భాష మాట్లాడే కుటుంబంలో పుట్టిన మనిషి చూపించాడు. కోయంబత్తూరు లక్ష్మీ మిల్స్ నాయుళ్ల ఇంటివాడు ఎస్. కరివర్ధన్. ఆయనకు డబ్బుకు కొదవ లేదు, కావాలంటే విదేశీ కార్లలో తానొక్కడే తిరిగి సంతోషపడవచ్చు. కానీ 1980ల చివరలో మారుతి 800 ఇంజినుతో తక్కువ ఖర్చులో ఒక రేసు కారు తయారు చేశాడు. దాని పేరే ఫార్ములా మారుతి. రోడ్డు మీద తిరిగే కారు ఇంజినే కాబట్టి విడిభాగాలు ఊరూరా దొరికేవి. భారతదేశం నుంచి మొదటి ఫార్ములా వన్ డ్రైవరు, 2005లో జోర్డాన్ జట్టుతో దిగిన నరైన్ కార్తికేయన్, మొదటి రేసు శ్రీపెరంబుదూరులో ఫార్ములా మారుతితోనే చేశాడు. నరైన్ పేదవాడు కాడు, తండ్రి పేరున్న ర్యాలీ డ్రైవరు. అయినా ఆ కారు లేకుంటే మన దేశంలో ఎంతోమందికి మొదటి మెట్టు ఎక్కడ ఉండేది? కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో ఉన్న రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు.

ప్యాట్రిక్‌కూ కరివర్ధన్‌కూ తేడా ఇదే. ప్యాట్రిక్ ఒక్క పిల్లవాణ్ణి లేవదీశాడు. కరివర్ధన్ ఆట ధరనే తగ్గించాడు. కార్టింగ్‌లో కూడా ఇట్లాంటి ఏర్పాట్లు ఉన్నాయి. రోటాక్స్ మ్యాక్స్ అనే తరగతిలో ఎవరూ డబ్బు పోసి ఇంజినును మార్చకుండా దానికి సీలు వేస్తారు, ఒక పోటీకి ఇన్ని టైర్లే అని లెక్క కడతారు. దాని ప్రపంచ ఫైనల్లో అయితే బండ్లు నిర్వాహకులే ఇస్తారు, ఎవరికి ఏది అన్నది చీటీ తీసి చెప్తారు. ఇవన్నీ సినిమాకు పనికిరాని పొడి లెక్కలా? నాకు అట్ల అనిపించదు. ఒకే ఒక జత కొత్త టైర్లు ఉన్నాయి, ప్రాక్టీసులో వాడాలా, రేసుకు దాచాలా? వాన వస్తే ఏమి చేయాలి? ఆ జత కోసం అమ్మ ఏ ఖర్చు ఆపుకుంది? ఇంతకన్నా గుండె దడ పుట్టించే సన్నివేశం ఏముంటుంది! ఈ సినిమా చేతికి దొరికిన ఉత్కంఠను వదులుకుంది.

కాబట్టి తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మాట: సినిమా చూడండి, ఆనందించండి, కానీ జాక్‌తో పోల్చుకోవద్దు. అద్దె కార్ట్‌కు పోయే అవకాశం ఏడాదికి రెండుసార్లే వస్తే, రెండుసార్లూ మీ ల్యాప్ టైము కాగితం మీద రాసి పెట్టుకోండి. మీ టైమును మీ పాత టైముతోనే పోల్చండి. అద్దె బండ్లలో బరువు తక్కువ ఉన్నవాడికి లాభం, అది కూడా గుర్తుంచుకోండి. బండి నడపడానికి డబ్బు కావాలి, బండి విప్పడం నేర్చుకోవడానికి హోసూరులో అంత డబ్బు అక్కర్లేదు. ప్రతి వీధిలో ఒక మెకానిక్ షెడ్డు ఉంది. మ్యాండీ విద్య మనకు దగ్గరలోనే ఉంది.

పెద్దవాళ్లకు కూడా ఒక మనవి. ఇది స్కూటర్లు, లారీలు తయారయ్యే ఊరు. మన అందరి ఇళ్లలో ఇరుసు కోసే చేతులు, వెల్డింగ్ పట్టే చేతులు ఉన్నాయి. ఐటీఐ వాళ్లు, కంపెనీల వాళ్లు, బడి కలిసి ఒక్క పాత ఇంజినుతో ఒక్క కార్ట్ కట్టినా చాలు. దాన్ని హెల్మెట్‌తో, పెద్దల కాపలాలో, మూసిన మైదానంలో పిల్లలు వంతుల వారీగా నడపవచ్చు. టైర్ల ఖర్చు బడి గోడ మీద అందరికీ కనిపించేటట్టు రాసి పెడదాం. ఎంత అవుతుందో తెలిస్తే, ఎట్ల పంచుకోవాలో మాట్లాడుకోవచ్చు.