శ్రుతి కలిస్తే సరిపోతుందా? : వోల్టేజీ సంగీతంపై ఒక పారిభాషిక విమర్శ

రెండు ఎలక్ట్రానిక్ వాద్యాల స్వరాలు పొసగనప్పుడు ‘శ్రుతి కలవలేదు’ అనడం తెలుగులో సహజం. అయితే అనలాగ్ సింథసైజరు, సీక్వెన్సర్‌ల విషయంలో ఆ మాట మూడు వేర్వేరు లోపాలను ఒక్కటిగా చూపుతుందన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

సీక్వెన్సర్ వరుసగా వోల్టేజీలను పంపుతుంది. సింథసైజరు వాటిని స్వరాలుగా పలుకుతుంది. రాబర్ట్ మూగ్ 1960లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. 110 హెర్ట్జ్‌లు 220, ఆపైన 440 అవుతాయి.

మొదటి లోపం ఆధార షడ్జానిది. ఏ వోల్టేజీకి ఏ స్వరం మొదలు కావాలో ట్యూనింగ్ నాబ్‌తో సరిచేయవచ్చు. తంబురాను శ్రుతి చేయడంతో పోల్చదగినది ఇదొక్కటే.

రెండవది అంతరాల కొలతలోని లోపం. మూగ్ 960 సీక్వెన్సర్‌లో ప్రతి వరుస వోల్టేజీనీ 1, 2, 4 రెట్లుగా మార్చే స్విచ్ ఉంది. షడ్జాన్ని సున్నా వోల్టు వద్ద నిలిపి, దానిపై పంచమాన్ని అమర్చి, స్విచ్‌ను 1 నుంచి 2కు మార్చితే షడ్జం కదలదు. పంచమం మాత్రం 7 స్వరస్థానాల దూరం నుంచి 14కు జరిగి, పై స్థాయి చతుశ్రుతి రిషభమవుతుంది. శ్రుతి చెడలేదు, రాగం చెడింది.

మూడవది నియమభేదం. 1978 నాటి కోర్గ్ ఎంఎస్-20లో వోల్టేజీ రెట్టింపైతేనే స్వరం ఒక స్థాయి పెరుగుతుంది. 1, 2, 3, 4, 5 వోల్టులను మూగ్‌కు పంపితే ఐదు స్థాయిల షడ్జాలు వినిపిస్తాయి. అవే వోల్టులకు ఎంఎస్-20 మంద్ర షడ్జం, మధ్య షడ్జం, మధ్య పంచమం, తార షడ్జం, తార అంతర గాంధారం పలుకుతుంది. ఇది అనుస్వరాల క్రమం. తంబురా తీగ నుంచి తనంతట తానే వినిపించే అంతర గాంధారం కూడా ఈ క్రమంలోనిదే. ఈ భేదాన్ని ట్యూనింగ్ గానీ, రెట్ల స్విచ్ గానీ తొలగించలేవు. ఒక నియమాన్ని మరొకదానిలోకి మార్చే పరికరం కావాలి. కోర్గ్ ఎంఎస్-02 ఆ అవసరం కోసం తయారైనదే.

కనుక మొదటిదానికి ‘శ్రుతి’, రెండవదానికి ‘అంతర ప్రమాణం’, మూడవదానికి ‘అనుపాత నియమం’ అనే పదాలను వేరువేరుగా వాడడం మేలు. ‘శ్రుతి’కి సూక్ష్మ స్వరాంతరమనే అర్థం ముందే ఉన్నందున, దానిపై మరింత భారం మోపడం సమంజసం కాదు.

ఇది కేవలం మాటల పట్టింపు కాదు. స్వరాలన్నీ సమానంగా జరిగితే లోపం శ్రుతిలో ఉంది. షడ్జం నుంచి దూరమయ్యేకొద్దీ తేడా అదే పాళ్లలో పెరిగితే ప్రమాణంలో ఉంది. సమానమైన మెట్లు పైకి పోయేకొద్దీ కుదించుకుపోతే నియమంలో ఉంది. యంత్రానికి రాగం పట్టుబడదని తీర్పు చెప్పబోయే విమర్శకుడు, తాను విన్నది ఈ మూడింటిలో ఏదో ముందుగా తేల్చుకోవాలి. అది తేలనిదే వినిపించినది దోషమో, కర్త సంకల్పమో నిర్ణయించే ఆధారం అతనికి లేదు.