గిన్నెలో చింతగింజలు

మా ఆదివారం కథలాటలో ఆ మధ్య ఒక బ్రౌనీ ఇల్లొదిలి పోయాడు. స్కాట్లండ్, ఉత్తర ఇంగ్లండ్ కథల్లో బ్రౌనీ అంటే ఇంటిని అంటిపెట్టుకుని ఉండే పొట్టివాడు. అందరూ పడుకున్నాక నూర్పిళ్లు చేస్తాడు, గిన్నెలు కడుగుతాడు, పొయ్యి దగ్గర తనకోసం ఉంచిన మీగడ తాగుతాడు. వాడి చిరుగుల బట్టలు చూసి మా ఆటగాళ్లలో ఒకమ్మాయికి జాలేసింది. తన పాత్ర చేత కొత్త చొక్కా కుట్టించి గూట్లో పెట్టించింది. తెల్లారేసరికి చొక్కా లేదు, వాడూ లేడు.

“అదేంటన్నా, మంచే చేశాను కదా!” అంది.

మంచే చేసింది. కానీ బట్టలిస్తే బ్రౌనీ వెళ్లిపోతాడన్నది ఆ కథల్లో తిరుగులేని కట్టడి. మన మంచిచెడ్డల లెక్క అలాంటి వాళ్లకు పట్టదు. ఆ సంగతి తెలిసిన క్షణంలో ఆమె మొహంలో కనిపించిన దిగులు, ఏ రాక్షసుణ్ణి దింపినా నేను రప్పించలేనిది. కథలాటలు నడిపే నాకు ఇలాంటి బ్రౌనీలతో, ఎల్ఫ్‌లతో, ఫెయిరీలతో కావలసింది అదే.

రూల్‌బుక్‌లో దొరికే ఎల్ఫ్‌తో ఆ పని జరగదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే కథలాట తెచ్చినప్పటి నుంచీ ఎల్ఫ్ అంటే ఆటగాడు ఎంచుకునే ఒక జాతి. విల్లు బాగా వేస్తాడు, చీకట్లో చూస్తాడు, నిద్రమంత్రానికి లొంగడు. ఒక రూల్‌బుక్ అయితే ఆ లొంగకపోవడాన్ని 90 శాతంగా లెక్కగట్టింది. టోల్కీన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి భాగం వచ్చిన 1954లోనే పోల్ ఆండర్సన్ ‘ది బ్రోకెన్ స్వోర్డ్’ కూడా వచ్చింది. అందులో ఎల్ఫ్‌లు ఇనుము ముట్టలేరు, మనుషుల పసిబిడ్డను ఎత్తుకుపోయి మారుబిడ్డను పడుకోబెడతారు. గైగాక్స్ 1979లో ఇచ్చిన పుస్తకాల జాబితాలో ఆ నవల ఉంది. అయినా ఆట బల్లల మీద స్థిరపడింది టోల్కీన్ నీడ పడిన ఎల్ఫే. టోల్కీన్ అంటే నాకు ప్రాణం. కానీ శాతాల్లోకి దిగిన ఎల్ఫ్‌ను చూసి ఎవరూ భయపడరు.

పల్లెలు భయపడ్డాయి. స్కాట్లండ్‌లో ఫెయిరీలను పేరు పెట్టి పిలవకుండా ‘మంచి పొరుగువాళ్లు’ అనేవారు, ఐర్లండ్‌లో ‘మంచివాళ్లు’. ఇది మావాళ్లకు ఎలా చెప్పాలా అని చాలా ఆలోచించాను గానీ, ఒక్క మాట సరిపోయింది. చీకటి పడ్డాక మా నాయనమ్మ పాము అనేది కాదు, ‘పురుగు’ అనేది. బల్ల చుట్టూ ఉన్న నలుగురి నాయనమ్మలూ అంతే.

అప్పటినుంచి బల్ల మీద ఒక స్టీలు గిన్నె పెడుతున్నాను. ఆట సాగుతుండగా ఎవరి నోట ‘ఫెయిరీ’ అన్న మాట వచ్చినా అందులో ఒక చింతగింజ వేస్తాను. ఎందుకో చెప్పను. టంగుమని చప్పుడైతే చాలు, మాట్లాడుతున్నవాళ్లు ఆగిపోతారు. రెండో వారానికల్లా అందరూ గొంతు తగ్గించి “ఆ కొండవాళ్లు” అనడం మొదలుపెట్టారు. ఇలా అనమని నేను చెప్పలేదు.

వాళ్లకోసం నేను ఎక్కువగా తిరగేసేది రాబర్ట్ కిర్క్ పుస్తకం. కిర్క్ స్కాట్లండ్‌లోని అబర్‌ఫాయిల్‌లో చర్చి పాస్టరు, కీర్తనలను గేలిక్ భాషలోకి తెచ్చిన పండితుడు. 1690ల తొలినాళ్లలో ఈ అదృశ్య జనం గురించి, ఒక దేశపు వాళ్ల సంగతులు రాసినంత శ్రద్ధగా రాశాడు. వాళ్ల ఒళ్లు గడ్డకట్టిన మబ్బులాంటిదట, ఏడాదికి నాలుగుసార్లు ఇళ్లు మారతారట. 1692లో ఊరి పక్కన డూన్ హిల్ మీద కుప్పకూలి చనిపోయాడు. పుస్తకం అచ్చయింది 1815లో.

ఆయన చనిపోలేదు, కొండవాళ్లు తీసుకుపోయారు అంది ఊరు. తర్వాత ఒక బంధువుకు కనిపించి చెప్పాడట: నా బిడ్డ బాప్తిస్మం విందుకు వస్తాను, మన బంధువు గ్రాహం నా తల మీదుగా కత్తి విసిరితే విడుదలవుతాను, లేకపోతే ఇక లేదు. అన్నట్టే వచ్చాడట. గ్రాహం నిర్ఘాంతపోయి చూస్తూ ఉండిపోయాడు. కిర్క్ ఇంకో తలుపు గుండా వెళ్లిపోయాడు.

పోయిన ఆదివారం ఆ విందునే ఆటగా పెట్టాను. కథ ఎవరికీ తెలియదు. బంధువు తెచ్చిన కబురు మాత్రం ముందే అందించాను. తలుపు తెరుచుకుంది, కిర్క్ లోపలికొచ్చాడు. “పది లెక్కపెడతాను. గిన్నెలో ఎన్ని గింజలుంటే అన్ని తగ్గిస్తాను” అన్నాను. గిన్నె వంచి చూపించాను. ఆరున్నాయి.

ఒకటి అన్నాను. “ఒరేయ్, తలకు తగిలితే?” అన్నాడొకడు. రెండు. “అసలు ఆయనేనా? ముందు అడుగుదాం” అంది చొక్కా కుట్టించిన అమ్మాయి. మూడు. పాచికలు వేయాలా వద్దా అని ఇంకొకడు నా మొహంలోకి చూశాడు. నాలుగు.

కిర్క్ అవతలి తలుపు దాటి వెళ్లిపోయాడని చెప్పాను. గ్రాహం పాత్ర ఆడుతున్న కుర్రాడు పెన్సిల్‌ను కత్తిలా పైకెత్తి పట్టుకునే ఉన్నాడు.