మొటిమలూ, నలుగుపిండీ

పల్నాటి సీమలో భోగినాడు పిల్లలకు, పెండ్లినాడు వధూవరులకు నలుగు పెట్టే ఆచారం ఉన్నది. నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో ఒళ్ళు రుద్ది, తలంటి పోస్తారు. ఆచారంగా ఇది ముచ్చటైనదే. నూనెను పిండి పీల్చుకొంటుంది, ఒంటిమీది మట్టీ, రాలడానికి సిద్ధంగా ఉన్న మృతకణాలూ ఊడివస్తాయి, చర్మం నునుపుదేరుతుంది. అయితే నరసరావుపేటలోగాని, మాచర్ల, గురజాలలలోగాని తొమ్మిదో తరగతి పిల్లవాని ముఖంపై మొటిమలు కనబడగానే పెద్దలు ఇదే వైద్యం చెప్పడం, "మురికి పేరుకున్నది, గట్టిగా రుద్దు" అనడం విమర్శకు నిలవదు. ఎందుకు నిలవదో గ్రహించడానికి మొటిమ ఎలా పుడుతుందో ముందు తెలియవలెను.

చర్మంలో ప్రతి వెంట్రుక మొదట ఒక సన్నని గుంట ఉంటుంది. దానినే రోమకూపం అంటారు. చర్మవసా గ్రంథులలో ఊరే జిడ్డు ఈ కూపం గుండా పైకి వచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచుతుంది. యౌవనారంభంలో ఆండ్రోజెన్లు అనే హార్మోనుల ప్రభావం వల్ల జిడ్డు హెచ్చుతుంది. ఈ హార్మోనులు ఆడపిల్లలలో కూడా ఉంటాయి. అదే సమయంలో కూపం లోపలి గోడనుండి రాలవలసిన కణాలు ఒకదానికొకటి అంటుకొని బిరడావలె మూతి బిగిస్తాయి. వెనుక నిలిచిన జిడ్డులో క్యూటిబాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవులు పెరుగుతాయి. దేహం ఎదురు తిరిగినప్పుడు వాపు, ఎరుపు, చీము ఏర్పడతాయి.

బిరడా పైభాగం తెరుచుకొని ఉంటే నల్లచుక్కగా కనబడుతుంది. ఆ నలుపును దుమ్ము అనుకోవడం పొరపాటు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్, గాలి తగిలి మారిన జిడ్డు దానికి కారణాలు. కనుక మొటిమ అశుభ్రతకు గుర్తు కాదు. 12 మొదలు 24 ఏండ్ల వయస్సు వారిలో సుమారు 85 శాతం మందికి ఎంతో కొంత వచ్చే దానిని ఒక విద్యార్థి తప్పుగా ఎంచి తరగతిలో ఎగతాళి చేయడం శాస్త్రమూ కాదు, న్యాయమూ కాదు.

ఇక నలుగు సంగతి. బిరడా ఉన్నది కూపం లోపల. పిండి తిరిగేది చర్మం పైన. ఎంత రుద్దినా లోపలి బిరడా కదలదు సరికదా, వాచిన గుంట గోడ పగిలి చీము చుట్టుపక్కలకు పాకవచ్చును. అమెరికా చర్మవైద్యులు మిల్స్, క్లిగ్‌మన్‌లు 1975లో రెండు విషయాలు వెల్లడించారు: రాపిడి, ఒత్తిడి వల్ల మొటిమలు ముదురుతాయి, సబ్బుతో పదే పదే కడగడం వల్ల కూడా హెచ్చుతాయి. చామనచాయ చర్మానికి మరొక నష్టం ఉన్నది. మొటిమ మానినా, గీరిన చోట మెలనిన్ ఎక్కువై నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది. పిండి ఎంత మెత్తనిదైనా, కొనుక్కొనే స్క్రబ్‌లో పలుకు ఎంత చిన్నదైనా ఈ దోషం తప్పదు. తలకు దట్టంగా రాసిన నూనె నుదుటికి జారితే అక్కడ మొటిమలు లేవడం కూడా కద్దు.

రుద్దకుండా మృతకణాలను విడదీసే మార్గం రసాయనికమైనది. సాలిసిలిక్ ఆమ్లం జిడ్డులో కరుగుతుంది. అందుచేత కూపంలోకి దిగి బిరడాను వదులు చేయగలదు. ముఖం కడుక్కొనే మందులలో, లేపనాలలో ఇది సాధారణంగా 0.5 నుండి 2 శాతం వరకు ఉంటుంది. గ్లైకాలిక్, లాక్టిక్ ఆమ్లాలు నీటిలో కరిగేవి. వాటి పని ఎక్కువగా పైపొరకే పరిమితం. నల్లచుక్కలు, జిడ్డు ఉన్నవారికి మొదటిది తగినది. చర్మం పొడిగా ఉండి, మచ్చలు మాత్రం మిగిలినవారికి రెండవ రకం, అందులోనూ సౌమ్యమైన లాక్టిక్ ఆమ్లం, మేలు.

అయితే ఆమ్లాలను కూడా గుడ్డిగా మెచ్చుకోరాదు. రెండు మూడు రకాలు కలిపి రోజూ పూస్తే చర్మం మండి, పొరలూడి, మొదటికే మోసం వస్తుంది. వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, మంట పుడితే మానవలెను. ఎండకు పేరుపడ్డ రెంటచింతల వంటి చోట పగలు గొడుగో, ఎండను ఆపే లేపనమో తప్పనిసరి. నిమ్మరసం పూయడం ఇంకా ప్రమాదం. అది తీవ్రమైన ఆమ్లం, పైగా ఎండ తగిలితే చర్మం కమిలి మచ్చపడవచ్చును. చీముమొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, అడాపలీన్ వంటి మందులు వైద్యుని సలహాపై వాడాలి. గర్భిణులకు అడాపలీన్ తగదు. ఏ మందైనా ఫలం చూపడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది.

అంతవరకు ఓపిక పట్టలేనివారే అసలు ఆపదలో పడతారు. మందుల షాపులో అడిగి తెచ్చుకొన్న స్టీరాయిడ్ క్రీము నాలుగు రోజులలో ముఖాన్ని తెల్లబరుస్తుంది. తరువాత చర్మం పలచబడి, కొత్త మొటిమలు పుట్టి, మానితే మంట రేగుతుంది. ఈ దుర్వినియోగం చూచే కేంద్ర ప్రభుత్వం 2018లో 14 స్టీరాయిడ్ క్రీములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా స్నేహితుడు వాడిన గొట్టాన్నే అడిగి తెచ్చుకొనేవారు ఉన్నారు.

ఈ విషయం పాఠశాలలోనే చూపవచ్చును. ఉపాధ్యాయులు ఒక గిన్నెలో సబ్బునీరు, ఒకదానిలో నిమ్మరసం, ఇంకొకదానిలో పిడుగురాళ్ళ బట్టీలలో కాలినటువంటి సున్నపు తేట పోసి లిట్మస్ కాగితాలు ముంచితే, సబ్బు, సున్నం ఎర్ర కాగితాన్ని నీలంగా, నిమ్మరసం నీలి కాగితాన్ని ఎర్రగా మార్చడం పిల్లలు చూస్తారు. చర్మపు పైపొర సుమారు 5 పి.హెచ్. గల స్వల్ప ఆమ్లగుణంతో తన్ను తాను కాచుకొంటుందని చెబితే, మొటిమపై దేనిని పడితే దానిని రాయడం ఎందుకు తగదో వారికే తోస్తుంది. సున్నిపిండిని భూతద్దం కింద పెట్టి పలుకుల మొనలు చూపితే, రెండవ పాఠమూ పూర్తవుతుంది.

నలుగు పండుగనాటి ఒంటికి ఉండనీ. మొటిమలున్న ముఖానికి రోజుకు రెండుసార్లు, తక్కువ క్షారగుణం గల సబ్బుతో, చేతివేళ్ళతో మెత్తగా కడగడం, గిల్లకపోవడం, ఓర్పు ఇవే చాలును. వీటితో తగ్గకపోయినా, గడ్డలు లేచి గుంటలు పడుతున్నా చర్మవైద్యుని వద్దకు తీసుకువెళ్ళడం పెద్దల విధి. మచ్చ ఒకసారి పడిన తరువాత దానిని పోగొట్టడం కంటే, పడకుండా కాపాడడం తేలిక.