లోకరుచి - రంగసిద్ధి

లోకము మెచ్చినదే ఉత్తమరచన యనువారును, లోకము మెచ్చినది ఉత్తమము కాజాలదనువారును మన విమర్శకులలో చిరకాలముగ నున్నారు. ఈ యుభయపక్షములందును సమానమైన లోపమొకటి కలదని మా యభిప్రాయము. 'లోకము' అన నెవరు, 'మెచ్చుట' యన నేమి యను ప్రశ్నను ఉభయులును విడిచిరి. తెలుగు నాటకరంగమును నిదర్శనముగ గైకొని ఈ ప్రశ్నను పరిశీలింపదలచితిమి.

నాట్యశాస్త్రకర్త లోకమును చిన్నచూపు చూడలేదు. లోకము, వేదము, అధ్యాత్మము అను మూడును నాట్యమునకు ప్రమాణములని చెప్పెను. వయస్సును బట్టియు స్వభావమును బట్టియు ప్రేక్షకుల రుచి భేదించునని యంగీకరించెను. అయినను సిద్ధిని నిరూపించు సందర్భమున నాతడు చేసిన విభాగము గమనింపదగినది. నవ్వులు, సాధువాదములు, పులకలు, వస్త్రదానములు మొదలగువానిచే తెలియునది మానుషీసిద్ధి. రంగము నిండియుండియు శబ్దము గాని క్షోభ గాని లేకుండుట దైవీసిద్ధి. ఇందు రెండంశములు కలవు. రంగము నిండవలెను, కావున జనమును రోయు పండితునకిట తావు లేదు. నిండిన రంగము నిశ్శబ్దము కావలెను; కావున కరతాళధ్వనియే పరమావధి యనువానికిని తావు లేదు.

ఈ గీటురాతిపై మన పద్యనాటకమును పరీక్షింతము. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకముల పద్యములు అక్షరజ్ఞానము లేనివారికిని కంఠస్థములయ్యెను. ఏ భాషా సాహిత్యమునకైనను ఇది గర్వకారణమే. కాని రంగముపై క్రమముగ జరిగినదేమి? పద్యమునకు రాగము తోడైనది. రాగము పెరిగి పద్యమును మ్రింగినది. 'వన్స్ మోర్' అను కేక వినబడినంతనే నటుడు పాత్రను వీడి గాయకుడై అదే పద్యమును మరల నెత్తుకొనెను. కాంట్రాక్టు నాటకములలో ఒకే రాత్రి ఒక్కొక్క రంగమునకు ఒక్కొక్క కృష్ణుడు ప్రవేశించుట పరిపాటి యయ్యెను. రాయబారఘట్టమున కృష్ణుని పలుకులు యుద్ధమును గూర్చిన కడపటి హెచ్చరిక. ఆ హెచ్చరికను చప్పట్లకై రెండుమారులు, మూడుమారులు పాడినపుడు దానిని వినుచు కూర్చున్న దుర్యోధనుని స్థితి యేమి? సభ కచేరీ యయ్యెను, కురుక్షేత్రము మరుగుపడెను. బళ్లారి రాఘవ (1880-1946) ఈ గానాతిశయమును నిరసించి సహజాభినయమునకై పాటుపడెను. ఆయనను గౌరవించినవారు పెక్కురు; అనుసరించినవారు కొందరే.

కేక వేసినవారు సభలో నెందరు? కథకై వచ్చి మౌనముగ కూర్చున్నవారెందరు? మౌనమునకు లెక్క లేదు గనుక కేకయే లోకాభిప్రాయముగ చెలామణి యయ్యెను. లోకానురంజనమను పేర జరుగు మోసమునకు మూలమిదియే.

దీనికి ప్రత్యుదాహరణము కన్యాశుల్కము. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన ఆ నాటకమును గురజాడ పెంచి మార్చి 1909లో మరల ప్రకటించెను. జనుల నుడికారమునే గ్రహించెను. వారిని కడుపుబ్బ నవ్వించెను. అయినను వారు మిక్కిలి ముచ్చటపడు గిరీశమునకు తుదిని బుచ్చమ్మను కట్టబెట్టలేదు. ఆమెను పూనా వితంతుశరణాలయమునకు పంపు ఏర్పాటు చేయించెను. ప్రేక్షకుని ముచ్చటకు లొంగినచో ముగింపు పెండ్లిపందిరి యయ్యెడిది. గిరీశముతో కలిసి నవ్విన ప్రేక్షకుడు ఆ నవ్వునకు తానును బాధ్యుడని గ్రహింపగలడని కవి నమ్మెను. లోకమును గౌరవించుట యనగా నిట్టి నమ్మకమే. లోకానువర్తనము పైకి వినయమువలె కనబడును; లోన, జనులు ఇంతకంటె నెదుగరను తిరస్కారము దాగియుండును.

ఈ వ్యాధి నాటకశాలతో ఆగలేదు. వార్తావాహినులకు రేటింగు 'వన్స్ మోర్' వంటిది. అక్రమములు జరిగినవను ఆరోపణల నడుమ 2020 అక్టోబరులో నిలిపివేయబడిన వార్తావాహినుల రేటింగులు 2022 మార్చిలో మరల వెలువడసాగెను. లెక్క సరియా కాదా యను వివాదమే సాగినది గాని, చూచుటయు మెచ్చుటయు నొకటేనా యను ప్రశ్న వెనుకబడెను. ఎన్నికల సభలలోను నిదే తీరు. చప్పట్లు పడిన వాక్యము మరల మరల వినబడును. చప్పట్లు పడని సమస్య ప్రసంగమునుండియే జారిపోవును. పాత్రను వీడిన నటునివలన ఒక రాత్రి నాటకము చెడును. కర్తవ్యమును వీడిన నాయకునివలన చెడునది ఒక రాత్రితో ముగియదు.

పరులనే నిందించి విరమించుట మాకు తగదు. పరీక్షలో రాగల ప్రశ్నలనే చెప్పుమని విద్యార్థులు కోరినపుడు, మేమును పెక్కుమారులు కావ్యమును వీడి ప్రశ్నపత్రమును బోధించితిమి. తరగతి సంతోషించినది. నాటకమును వీడి రాగమునందుకొన్న కృష్ణునకును మాకును భేదమేమి? ప్రజాదరణమును గూర్చి పరిశోధించు విద్యార్థులు ముద్రణల సంఖ్యను, ప్రదర్శనల సంఖ్యను సేకరింపవలసినదే. ఆ సంఖ్యలు రంగము నిండినదని మాత్రమే తెలుపును. నిండిన రంగము ఎప్పుడు, ఎందుకు నిశ్శబ్దమయ్యెనో తెలిసికొనుటయే విమర్శకుని పని. ఆ పని మన తరగతి గదులనుండియే మొదలుకావలెను.