యుక్తి, ప్రతినిధి: చేర్యాల నకాశిపనినిఁ గూర్చిన పదవిచారము

నిత్యవస్తువులతోఁ దోఁచిన నేర్పున నక్కఱఁ దీర్చుకొనుటకు హిందూస్తానీభాషలో ‘జుగాడు’ అను మాట కలదు. అది యిపుడు తెలుఁగువ్రాఁతలలోను గానవచ్చుచున్నది. సిద్దిపేటజిల్లాలోని చేర్యాల నకాశివారి పనిని ఈ మాటతోఁ జెప్పవచ్చునా యని విచారింతము.

దీనికిఁ బర్యాయములుగాఁ దోఁచెడి పలుకులు మూఁడు. యుక్తిశబ్దము యుజిధాతువుపైఁ గ్తిన్‌ప్రత్యయము చేర నేర్పడినది. కూర్పు దాని మూలార్థము. ప్రతినిధిశబ్దము ప్రతి, ని యను నుపసర్గలతోఁ గూడిన ధాఞ్ ధాతువుపైఁ గిప్రత్యయమువలనఁ గలిగినది. ఒకదానిచోట నింకొకదాని నుంచుట దాని యర్థము. పబ్బము గడుపుకొనుట మన పలుకుబడి. పబ్బము పర్వశబ్దమునకుఁ దద్భవము. పండుగ నెటులో దాఁటించుటయే యిందుఁ గలదు. బాగుగఁ జేయుట లేదు.

మీమాంసకులు ప్రతినిధిని జక్కఁగ నిరూపించిరి. వ్రీహులు దొరకనిచో నీవారములు గ్రాహ్యములు. ఆ గ్రాహ్యత వ్రీహిసాదృశ్యముచేతనే కలుగును. ముఖ్యద్రవ్యముయొక్క లేమియే ప్రతినిధికిఁ బ్రాణము.

ఇఁక నకాశిపని. పటమునకై ఖాదీబట్టపై గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, బంక కలిపి పలుమాఱు పూయుదురు. గంజి బిగువు నిచ్చును. సుద్ద నేఁతసందులఁ బూడ్చి తెల్లని నేల నిచ్చును. జిగురు సుద్ద రాలకుండఁ బట్టును. పటమును జుట్టి విప్పి యూరూరఁ గథ చెప్పెడి కూనపులి, కాకిపడగల, డక్కలివారలకు, చుట్టఁగాఁ బెచ్చులూడెడి పూఁత యక్కఱకు రాదు. చిన్న ముఖబింబమునకుఁ గొబ్బరిచిప్ప యాధారము. దానిపై రంపపుఁబొట్టును జింతగింజల ముద్దను గలిపి మెత్తి, కన్నుముక్కులఁ దీర్తురు. ఇందుఁ జిప్ప కొయ్యను బోలవలసిన పనిలేదు. దాని సహజమైన గుండ్రనితనమే ముఖాకారమున కుపకరించుచున్నది. కావున నిది ప్రతినిధి గాదు, యుక్తియే.

చింతగింజలు, పొట్టు పాఱవేసెడి వస్తువులే కదా, పేదఱికమే వీనికిఁ గారణము గాదా యని యడుగుదురేమో. మొదటఁ జేతికి దొరకుటయే కారణమైనను గావచ్చును. అయినను బూఁతల క్రమము, పాళ్లు తండ్రి కొడుకునకు నేర్పెడి స్థితికి వచ్చినపిమ్మట నది పబ్బము గడుపుకొనుట యనిపించుకొనదు, విద్య యగును. ఱాళ్లు నూఱి తీసిన రంగులచోట నేఁడు పలువు రంగడిరంగులను వాడుటయో, నిజముగాఁ బ్రతినిధియే. ఏలన నవి పూర్వపురంగులను బోలుటకే గ్రహింపఁబడుచున్నవి.

ఈ భేదము నిఘంటుకర్తలకును ముఖ్యము. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలికవృత్తిపదకోశమున 1962లో వ్యవసాయపదముల సంపుటము వెలువడినది. అట్లే నకాశివారి పదములను వారి నోటనే విని, యే పూఁతకే పేరో, యే ముద్దకే పేరో వ్రాసికొనవలెను. ‘జుగాడు’ అని యొక్కమాటతో నన్నిఁటిని గప్పినచో నా పేర్ల నడుగవలెనన్న తలఁపే పుట్టదు. అడుగనివానికిఁ బనివాని నేర్పు కానరాదు. ఆ మాటను బహిష్కరింపుఁ డని నేననను; పబ్బము గడుపుకొనుచోట దానిని వాడుకొనవచ్చును. చేర్యాలపటమునకు మాత్రము యుక్తిశబ్దమే తగును. బడిపిల్లలకు బోధించునపు డీ మూఁటిని విడివిడిగా నుదాహరించుట పండితులకు విహితము.