చెట్టు మొదలు చెప్పినట్టు

రోడ్డు వెడల్పు కోసం ఊరి చివరి చింతమానును కొట్టేస్తే సాయంత్రానికి అక్కడ ఏం మిగులుతుందో చూడండి. తిన్నటి మాను లారీ ఎక్కి కోతమిల్లుకు పోతుంది. కొమ్మలు వంటచెరకవుతాయి. ఆకులు మేకల పాలు. మిగిలేది మొదలు. సగం మట్టి, సగం వేళ్ళు, ఎటు చూసినా వంకరలే. అడుగుల లెక్కకు అది అందదు కాబట్టి కోతమిల్లువాళ్ళు వద్దంటారు. చివరికి జేసీబీతో పెకలించి పక్కకు నెడితే, ఏ ఇటుక బట్టీకో చేరి బూడిదవుతుంది.

నిజానికి చెట్టు మొత్తంలో అన్నిటికన్నా మొండి కలప ఉండేది ఆ మొదట్లోనే. మనిషి కూర్చునే పీట, దీపం పెట్టుకునే బల్ల, అరుగు మీద వేసుకునే ఆసనం అన్నీ అందులోంచి తీయవచ్చు. అలా తీయడం ఒక పూర్తి విద్య. మామూలు వడ్రంగంలో కొలత ముందు పుడుతుంది, కలపను దానికి తగ్గట్టు కోస్తారు. ఇక్కడ ఆ వరుస తిరగబడుతుంది. మొదలు ఎంత వెడల్పు ఇస్తే అంత, ఎటు వాలితే అటు. చేసేవాడి గొప్పతనమంతా ఎక్కడ చెయ్యి ఆపాలో తెలియడంలో ఉంది.

ఆ మొండితనం ఎక్కడిది

చెట్టు బరువంతా, గాలి తాకిడంతా చివరికి వచ్చి పడేది మొదటి మీదే. గాలి ఊపిన కొద్దీ చెట్టు అక్కడ కలపను దట్టంగా పేర్చుకుంటుంది. మానులో నిలువుగా సాగిన నారలు మొదటి దగ్గర వంగి, విడిపోయి, వేళ్ళలోకి అడ్డంగా దిగుతాయి. ఆ మలుపులో ఒకదాన్నొకటి పెనవేసుకుంటాయి. కట్టెలు కొట్టేవాళ్ళను అడగండి. మాను రెండు దెబ్బలకు చీలుతుంది, మొదట్లో మాత్రం గొడ్డలి ఇరుక్కుపోతుంది. గొడ్డలిని విసిగించే ఆ పెనవేతే చిత్రిక పట్టాక అలలుగా, సుడులుగా, మంట నాలుకల్లా పైకి తేలుతుంది. తిన్నటి పలకలో ఎంత వెతికినా అలాంటి నగిషీ దొరకదు.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. వడ్లు దంచే కొయ్యరోలును, నూనె ఆడే గానుగ రోలును లావాటి మానులోంచి ఒకే ముక్కగా తొలిచారు. మాంసం కొట్టే మొద్దుకు ఈనాటికీ చింతనే అడుగుతారు. బక్రీదు దగ్గర పడిందంటే హైదరాబాదు కట్టెల అడితీల ముందు చింత మొద్దులు గుండ్రంగా కోసి వరుసగా పెట్టడం చూస్తాం. కత్తి దెబ్బకు చింత అంత తేలిగ్గా పెళ్ళలు లేవదు. కొల్లేటి మీద తిరిగే తాటిదోనె కూడా ఈ కోవలోదే. తాటిమానుకు పైభాగం ఇనుములా గట్టి, నడుమ మెత్తన. కాబట్టి తొలచడం సులువు, తొలిచాక పడవ గట్టి. ఏ చెట్టు స్వభావం ఏదో, ఆ స్వభావానికి తగిన వస్తువునే చేశారు. మొదలుతో ఆసనం చేయడానికి మూలం ఆ తెలివే.

గోల్కొండ పేరున్న ఒక భవనం

వంకర కలపకు గౌరవం ఇచ్చిన సంప్రదాయాలు బయటా ఉన్నాయి. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రపు అడిరాండాక్ కొండల్లో 19వ శతాబ్దం చివర సంపన్నులు వేసవి విడుదులు కట్టుకున్నారు. వాటిని కాపలా కాసే స్థానికులు చలికాలమంతా కూర్చుని, అడవిలో దొరికిన మొదళ్ళు, వేళ్ళు, బెరడు తీయని కొమ్మలతో బల్లలు, కుర్చీలు చేశారు. నేడు రస్టిక్ ఫర్నిచర్ అంటే చాలామందికి గుర్తొచ్చేది ఆ పనే.

ఈ కళకు లోతైన ఆలోచనను జోడించినవారు జార్జ్ నకషిమా. 1905లో అమెరికాలో జపనీయుల ఇంట పుట్టి, వాస్తుశిల్పం చదివారు. ఆంటొనిన్ రేమండ్ కార్యాలయం తరఫున 1937లో పుదుచ్చేరి వచ్చి, శ్రీ అరవింద ఆశ్రమంలో ‘గోల్కొండ’ అనే వసతి భవనం కట్టడంలో పాలుపంచుకున్నారు. దానికి సొమ్ము హైదరాబాదు నిజాం ప్రభుత్వం నుంచి దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా వచ్చింది. అందుకే ఆ పేరు. ఆ భవనానికి కావలసిన టేకు సామాను తయారీ కూడా నకషిమా చూసుకున్నారు. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు.

రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, అమెరికా ప్రభుత్వం జపాన్ మూలాలున్న వారిని నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు ఆయననూ ఐడహోలోని మినిడోకా శిబిరంలో ఉంచింది. అక్కడ గెంటారో హికోగావా అనే సంప్రదాయ వడ్రంగి దగ్గర కూర్చుని జపాన్ పనితనం నేర్చుకున్నారు. విడుదలయ్యాక పెన్సిల్వేనియాలోని న్యూహోప్‌లో కార్ఖానా పెట్టి, చెట్టు అంచును అంచుగానే వదిలేసిన బల్లలు చేశారు. ఇతరులు పనికిరాదని పక్కన పెట్టిన పగుళ్ళ పలకలు, వేళ్ళ దగ్గరి కలప ఆయనకు అపురూపం. 1981లో వచ్చిన ఆయన పుస్తకం ‘ది సోల్ ఆఫ్ ఎ ట్రీ’ ఈ దృష్టినే వివరిస్తుంది. పగులును దాచిపెట్టకుండా, సీతాకోకచిలుక ఆకారపు బిళ్ళతో పట్టి ఉంచి, అందరికీ కనిపించేలా వదలడం ఆయన పనికి గుర్తుగా నిలిచింది.

ఎంపిక, తవ్వకం

మొదట చూడవలసింది జాతి. చింత, వేప, తుమ్మ, దిరిసెన, పనస, మామిడి, టేకు మొదళ్ళు ఈ పనికి అనువు. బూరుగ, మునగ మెత్తన, నిలవవు. చింతలో చేవ ముదురు ఊదారంగులో ఉంటుంది కానీ చిన్నది. చుట్టూ ఉన్న లేతపసుపు కలప పురుగుకు ఇష్టమైన తిండి. వేపకు పురుగు భయం తక్కువ. మామిడి పని సులువు, కానీ తడి తగిలితే త్వరగా చెడుతుంది.

తరువాత సుత్తితో చుట్టూ తట్టి చూడాలి. ఖంగుమంటే లోపల గట్టి, డొల్ల మోత వస్తే తొర్ర. తొర్ర ఉన్నంత మాత్రాన పారేయనక్కర్లేదు. గోడ మందంగా ఉంటే ఆ తొర్రే వస్తువుకు అందం.

తవ్వేటప్పుడు తొందర పనికిరాదు. మొదటి చుట్టూ కందకంలా తీసి, ఒక్కో వేరును మొదటికి కనీసం మూరెడు దూరంలో కోయాలి. ఆ వేళ్ళే రేపు కాళ్ళవుతాయి. పైకి తీశాక నీళ్ళ పైపు పెట్టి కడగాలి. వేళ్ళు ఎదుగుతూ రాళ్ళను మింగేస్తాయి. వీధి చెట్లలోనైతే ఫ్లెక్సీలకు కొట్టిన మేకులు, కట్టిన తీగలు కలప లోపలికి వెళ్ళిపోయి ఉంటాయి. అయస్కాంతంతో, వీలైతే మెటల్ డిటెక్టర్‌తో వెతికి తీశాకే రంపం పెట్టాలి. మోటారు రంపం గొలుసుకు మేకు తగిలితే ప్రాణాపాయం.

ఆరబెట్టడమే సగం పని

పచ్చి కలపలో తేమ సుమారు 30 శాతానికి దిగేదాకా కొలతల్లో మార్పు ఉండదు. అక్కడి నుంచి కలప ముడుచుకోవడం మొదలవుతుంది. వలయాల వెంట ముడుచుకునేది, నడిబొడ్డు నుంచి బయటికి ముడుచుకునే దానికి ఇంచుమించు రెట్టింపు. ఈ తేడా వల్లే గుండ్రటి మొద్దు అంచు నుంచి నడిబొడ్డు దాకా వి ఆకారంలో పగులుతుంది. పగులు చేసేవాడి తప్పు కాదు, కలప ధర్మం. దాన్ని ఎక్కడ, ఎంత రానివ్వాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

అందుకు ఉపాయాలు మూడు. కోసిన ముఖాలకు వెంటనే మైనమో, చిక్కటి పెయింటో పట్టించడం మొదటిది. నారల చివరల నుంచి నీరు వేగంగా పోతుంది కాబట్టి ఆ దారి మూసి, పక్కల నుంచి నెమ్మదిగా ఆరనివ్వాలి. రెండోది, అడుగు వైపు నుంచి నడిబొడ్డును ఉలితోనో డ్రిల్లుతోనో తొలిచేయడం. లోపల ఖాళీ ఏర్పడితే ముడుచుకునే కలపకు సర్దుకునే చోటు దొరుకుతుంది. మూడోది జపాన్ వడ్రంగులు స్తంభాలకు వాడే పద్ధతి. కనిపించని వైపున నడిబొడ్డు దాకా ముందుగానే ఒక రంపపు గాటు పెడతారు. పగులు ఆ గాటు వెంటే తెరుచుకుని, ముందు ముఖం చాలావరకు నిబ్బరంగా మిగులుతుంది.

బెరడు ఉంచాలని చాలామందికి ఆశ ఉంటుంది. మన వేడి నేలలో అది మంచిది కాదు. కొయ్యపురుగు కాపురం పెట్టేది బెరడు కిందే, పైగా కలప ముడుచుకున్నాక బెరడు ఊడిపోతుంది. పచ్చిగా ఉండగానే మొద్దు ఉలితో ఒలిచేస్తే కింద నున్నటి సహజమైన పైపొర దొరుకుతుంది. పూర్వం కలపను కొన్ని నెలలు చెరువులో ముంచి ఉంచేవారు. పురుగుకు ఆహారమైన పిండిపదార్థం నీటిలో నాని తగ్గిపోయేది. చెరువు అందుబాటులో లేనివారికి బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీరు పట్టిస్తే పురుగు నుంచి కాపాడుతుంది.

తరువాత ఇటుకల మీద ఎత్తుగా, గాలి ఆడే నీడలో పెట్టాలి. అంగుళం మందానికి ఏడాది అని వడ్రంగుల మోటు లెక్క. మొదటి మందానికి ఆ లెక్క కడితే పదేళ్ళు దాటుతుంది. లోపల తొలిచినప్పుడు గోడ మందమే లెక్కకు వస్తుంది కనుక ఆ కాలం బాగా తగ్గుతుంది. నెలనెలా తూచి చూస్తే బరువు తగ్గడం ఆగిన రోజు కలప సిద్ధమని అర్థం. విశాఖ తీరపు తేమగాలిలో ఆరిన మొద్దు అనంతపురం పొడి గాలికి వెళ్తే మళ్ళీ ముడుచుకుంటుంది. ఏ ఊరి ఇంట్లో ఉంచదలిస్తే ఆ ఊళ్ళోనే చివరి నెలలు గడవనివ్వడం మేలు.

నిలబెట్టడం, మట్టం, మెరుగు

ఆరిన మొదలును చదునైన నేల మీద పెట్టి, కింద చిన్న చెక్కముక్కలు తోస్తూ, అది నిండుగా కనిపించే భంగిమ దొరికేదాకా తిప్పి చూడాలి. ఈ పని మీద ఎంత సమయం పెట్టినా వృథా కాదు. భంగిమ కుదిరాక ఒక చెక్కముక్క మీద పెన్సిల్ ఆనించి, నేల మీదే జరుపుతూ మొదటి చుట్టూ గీత గీస్తారు. వేళ్ళను ఆ గీత దగ్గర కోస్తే అడుగు మట్టానికి వస్తుంది. మూడు వేళ్ళ మీద నిలబెట్టగలిగితే మరీ మంచిది, గచ్చు ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళ పీట ఊగదు.

పైముఖాన్ని బాడిసతో దించి, చిత్రికతో చదును చేసి, రసమట్టం పెట్టి చూడాలి. రూటర్ అనే కోత యంత్రం ఉన్నవారు రెండు పట్టాల మీద అడ్డంగా నడిపి ఆ పని త్వరగా ముగిస్తారు. పగులు పెద్దదైతే దాని మీద అడ్డంగా, నడుము సన్నగా ఉన్న బిళ్ళ దించాలి. బిళ్ళలోని నార పగులుకు అడ్డంగా సాగాలి, లేకుంటే బిళ్ళే విరుగుతుంది. బిళ్ళకు మొదటికన్నా గట్టి కలప తీసుకోవాలి. వేప మొదటికి తుమ్మ బిళ్ళ చక్కగా కుదురుతుంది.

మెరుగుకు మరిగించిన అవిసె నూనె పలచగా, పూతకూ పూతకూ మధ్య బాగా ఆరనిస్తూ పట్టించి, ఆఖరున తేనెమైనం రుద్దితే చాలు. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. అవి ఆరుతూ వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. నీళ్ళలో తడిపి, విడిగా పరిచి ఆరబెట్టాలి. తళుకు కావాలంటే లక్క పాలిష్ ఉంది. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చేది కూడా లక్కే. అయితే నీటి గ్లాసు పెట్టే బల్లకు అది వద్దు, తడి తగిలితే తెల్లమచ్చ పడుతుంది.

తీసుకోవలసినవి, తాకకూడనివి

ఈ పనికి చెట్టు కొట్టవలసిన అవసరం రాకూడదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖలో నేలకూల్చిన చెట్లను తలచుకుంటే, దొరికే మొదళ్ళకు లోటు లేదని తెలుస్తుంది. తుపాన్లు, రహదారులు, ఇళ్ళ నిర్మాణాలు ఏటా ఎన్నో మొదళ్ళను వదిలిపెడతాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా చట్టం కింద చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. మొదలును తీసుకుపోయేముందు స్థలం యజమానిని, అటవీ అధికారులను అడగడం మర్యాద కూడా, అవసరం కూడా. ఎర్రచందనం జోలికి వేరుముక్క కోసమైనా పోకూడదు. అడవిలోని మోడును అడవికే వదలాలి, అది పుట్టకు, పురుగుకు, మట్టికి ఆహారం. వేప, చింత, టేకు మోళ్ళు మళ్ళీ చిగురిస్తాయి. పక్కనుంచి పచ్చటి మొలక కనిపిస్తే ఆ మొదలు ఇంకా చెట్టే.

ఎందుకింత శ్రమ

ఎండిన కలప బరువులో సుమారు సగం కార్బన్. బట్టీలో పెడితే అది ఆ రాత్రే గాలిలో కలుస్తుంది, ఆసనంగా మారితే తరాలపాటు ఇంట్లోనే ఉంటుంది. కలప పొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు బల్ల నాలుగు వానలకు ఉబ్బి చెత్తకుప్ప చేరుతుంది. మొదటి ఆసనాన్ని గీతలు పడితే మళ్ళీ చిత్రిక పట్టి, మళ్ళీ నూనె రాసి కొత్తగా వాడుకోవచ్చు. అంతకన్నా ముఖ్యం చేతి విద్య. రెడీమేడ్ సామాను వచ్చాక మన ఊళ్ళ వడ్రంగులకు కీళ్ళు బిగించే పని, లామినేట్ అతికించే పని మిగిలాయి. బాడిస పట్టి, నార ఎటు తిరిగిందో చూసి, దాని వెంట చెయ్యి కదిపే నేర్పుకు పని తగ్గిపోయింది. ఒక్క మొదలు చాలు, ఆ నేర్పంతా మళ్ళీ అవసరపడుతుంది. ఏ రెండు మొదళ్ళూ ఒకటి కావు కాబట్టి దాన్ని యంత్రం మూసపోయలేదు. మన పల్లెల్లో, పట్టణాల్లో ఈ పనికి కావలసిన చేతులు ఇంకా ఉన్నాయి, వాటికి అడిగేవాళ్ళు కావాలి.

అడగడం కష్టమేమీ కాదు. చెట్టు కొట్టక తప్పనప్పుడు పురపాలక సంఘాలు, పంచాయతీలు మానుకు, కొమ్మలకు వేలం రాస్తాయి. అదే కాగితంలో మొదలు కోసం ఒక వరుస చేర్చి, దాన్ని ఊరి వడ్రంగికి అప్పగించి, తయారైన ఆసనాన్ని ఆ ఊరి బడిలోనో గ్రంథాలయంలోనో వేయాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, పెద్ద ఖర్చూ లేదు. మన తాతల కాలం నుంచి నీడనిచ్చిన చెట్టు మీద రేపటి పిల్లలు కూర్చుని చదువుకుంటారు. ఆ పనికి మొదటి వరుస రాయవలసింది మనమే.